కెమెరా ఊగితే భయం నిజమైపోతుందా? క్లోవర్‌ఫీల్డ్ మీద మన జిల్లాల వాదన

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మొన్న ఆదివారం ఇంట్లో ఆరుగురం కూర్చుని క్లోవర్‌ఫీల్డ్ చూశాం. 2008 జనవరిలో వచ్చిన అమెరికా సినిమా. దర్శకుడు మాట్ రీవ్స్, నిర్మాత జె.జె. అబ్రామ్స్. కథ చిన్నదే. న్యూయార్క్‌లో రాబ్ అనే కుర్రాడికి స్నేహితులు వీడ్కోలు పార్టీ ఇస్తుంటే ఊరి మీద ఏదో పేద్ద జంతువు పడుతుంది. పార్టీ వీడియో తీస్తున్న హడ్ అనే స్నేహితుడు కెమెరా ఆపకుండా తీస్తూనే పరిగెడతాడు. మనం చూసేదంతా ఆ కెమెరాలో పడిందే. మొత్తం గంటన్నర లోపే.

అయ్యేసరికి ఇంట్లో రెండు పార్టీలు. కడుపులో తిప్పుతోందని మా బావ ఇరవై నిమిషాలకే లేచి డాబా మీదకి పోయాడు. "జంతువుని సరిగా చూపించనప్పుడు సినిమా ఎందుకు తీశార్రా" అంది మా అత్త. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరికి ఆపద వచ్చినప్పుడు మనకి కనిపించేది అంతేనని నా నమ్మకం. ఒక మూల, ఒక చప్పుడు, ఎవరో అరుపు. ఆ ఊగే కెమెరా తీసేస్తే ఆ సినిమాలో ఏమీ మిగలదు. మీరేమంటారు?

బొబ్బిలి వీణ:
నేను ఒప్పుకోను అన్నా. మీ బావగారి పక్షం నేను. మనిషికి వాంతి వచ్చేలా తీసి దాన్ని కళ అంటే ఎలా? విడుదలైనప్పుడు అమెరికాలోనే కొన్ని థియేటర్ల వాళ్లు కళ్లు తిరగొచ్చని ముందే నోటీసులు అంటించారు. టికెట్ కొన్నవాడికి అది న్యాయమేనా? జంతువుని చీకట్లో, పొగలో, ఒక కాలు ఒకసారి, ఒక తోక ఒకసారి చూపిస్తే డబ్బు మిగులుతుంది. ఆ సినిమా ఖర్చు రెండున్నర కోట్ల డాలర్లు. అలాంటి సినిమాలకి హాలీవుడ్‌లో అది తక్కువే. ఖర్చు తగ్గించుకోవడానికి వేసిన ఎత్తుని మనం నిజాయితీ అనుకుంటున్నాం.

పెళ్లి కెమెరా (విజయనగరం):
పదహారేళ్లుగా పెళ్లిళ్లకి వీడియో తీస్తున్న చేత్తో చెబుతున్నాను, ఆ ఊపు చవక పని కాదు. స్టాండు మీద నిలబెట్టిన కెమెరాలోకి కంప్యూటర్ బొమ్మని దించడం తేలిక. కెమెరా ఎటు పడితే అటు తిరుగుతుంటే, ప్రతి ఫ్రేములో అది ఎంత వంగిందో, ఎంత జరిగిందో లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారం బొమ్మని కూర్చోబెట్టాలి. కాస్త తప్పినా జంతువు రోడ్డు మీద జారుతున్నట్టు తెలిసిపోతుంది. ఈ సినిమాలో ఎక్కడా జారదు.

ఇంకొకటి. సినిమా నడిచేంతసేపూ నేపథ్య సంగీతం లేదు. చివర పేర్లు పడేటప్పుడే వస్తుంది. ఎప్పుడు భయపడాలో చెప్పే వయొలిన్ లేకుండా మనిషిని భయపెట్టడం ఎంత కష్టమో నాలాంటి వాడికి తెలుసు. మా పెళ్లి వీడియోలో పాట తీసేస్తే ఐదు నిమిషాలు ఎవరూ చూడరు.

సగం చూపించడం గురించి కూడా చెప్పాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు నేను ఏటా జనంలోనే నిలబడి తీస్తాను. కొసన పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనంలో ఉన్నవాడికి మాను మొత్తం ఎప్పుడూ కనబడదు. ముందు గోల దగ్గరవుతుంది, అరటిపళ్లు గాల్లోకి లేస్తాయి, తర్వాత మేడల మధ్య సందులోంచి మాను కొస, దాని మీద పూజారి, తలల మీదుగా అలా జరిగిపోతారు. రెండు క్షణాలు. ఒళ్లు జలదరిస్తుంది. అదే మాను మేడ మీద నుంచి తీసిన వీడియోలో మొత్తం కనబడుతుంది, ఒళ్లు మాత్రం జలదరించదు. న్యూయార్క్ మేడల మధ్య ఆ జంతువు కదిలినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

నాగావళి గట్టు:
మేస్టారూ, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు.

సాలూరు ఘాటీ:
కడుపులో తిప్పడం గురించి ఒక మాట. అది బలహీనత కాదు, ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. మన లోపలి చెవిలో శరీరం కదలికని పసిగట్టే భాగం ఉంటుంది. తెర ఊగుతుంటే కళ్లు "పరిగెడుతున్నాం" అంటాయి, చెవి "కుర్చీలోనే ఉన్నాం" అంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరక మెదడు తికమక పడి వికారం పుడుతుంది. ఘాట్ రోడ్డులో బస్సెక్కి ఫోన్ చూస్తే జరిగేది దీనికి తిరగేసిన వరస. అక్కడ చెవి "కదులుతున్నాం" అంటుంది, కళ్లు ఫోన్ మీద ఆగిపోతాయి. చిన్న తెర మీద, గదిలో లైటు వేసుకుని, దూరంగా కూర్చుని, మధ్యమధ్యలో గోడ వైపు చూస్తుంటే చాలామందికి తగ్గుతుంది. మీ బావగారికి చెప్పండి.

పలాస జీడి:
మీరంతా ఆపద ఎలా కనబడుతుందో మాట్లాడుకుంటున్నారు. మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. ఆ రాత్రి ఎవడూ వీడియో తీయలేదు. నేనూ మా నాన్నా రెండు చేతులతో తలుపు పట్టుకున్నాం. గడియ ఊడిపోయింది, గాలి తలుపుని లోపలికి నెడుతోంది, మా అమ్మ వెనక నుంచి మంచం అడ్డం పెట్టింది. ఫోన్ నా జేబులోనే ఉంది. తీయాలన్న ఆలోచనే రాలేదు. చార్జింగ్ మిగలాలి, దుబాయ్‌లో ఉన్న మా అన్నకి బతికే ఉన్నామని చెప్పాలి, అంతే. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు పడుకుని ఉన్నాయి, జీడితోట లేదు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉన్న చోట ఫోన్లు పట్టుకుని వరసలో నిలబడ్డాం.

చేతిలో కెమెరా పట్టుకుని చచ్చేదాకా తీసే ఆ హడ్ నాకు మనిషిలా అనిపించలేదు. ఆపదలో మనిషి రెండు చేతులకీ వేరే పని ఉంటుంది. ఊగే కెమెరా నిజం అంటున్నారే, ఆ కెమెరా అక్కడ ఉండటమే అబద్ధం.

నాగావళి గట్టు:
తమ్ముడూ, నీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంటికి నాగావళి నీళ్లు వచ్చిన రోజు నేనూ తీయలేదు, బియ్యం బస్తా అటక మీదకి ఎక్కించాను. హడ్ విషయంలో నువ్వే గెలిచావు. ఇలా ఎలా జరిగిందో జనం తెలుసుకోవాలి కదా అని సినిమాలో అతనే అంటాడు గానీ, ఆ ఒక్క మాట గంటసేపటికి చాలదు.

కానీ నువ్వు చెప్పిన చార్జింగ్ సంగతి ఆ సినిమాలో ఉంది. ఊరు కూలుతుంటే రాబ్ ఫోన్ బ్యాటరీ అయిపోతుంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోవాల్సిన వాడు ఎలక్ట్రానిక్స్ షాపులోకి దూరి బ్యాటరీ వెతుక్కుంటాడు. చుట్టూ జనం షాపుని దోచుకుంటున్నారు, కొందరు టీవీలో వార్తలు చూస్తూ నిలబడిపోయారు. వీడికి కావలసింది ఒక్క ఫోన్ బ్యాటరీ. బ్యాటరీ వేయగానే వాడు ప్రేమించిన బెత్ గొంతు వినబడుతుంది, తన ఇంట్లో ఇరుక్కుపోయి కదల్లేకపోతున్నానని. నువ్వు మీ అన్న కోసం దాచుకున్న చార్జింగ్ లాంటిదే అది. జంతువుని చూసి నేను అంత వణకలేదు, ఆ షాపులో వణికాను.

బొబ్బిలి వీణ:
బ్యాటరీ సీను ఒప్పుకుంటాను, అది బాగుంది. పెళ్లి కెమెరా గారు చెప్పాక ఖర్చు మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం మింగుడు పడదు. మేడ కూలడం, వీధి నిండా దుమ్ము మేఘం తరుముకు రావడం, జనం దుకాణంలోకి దూరడం, ఒళ్లంతా బూడిదతో బయటికి నడవడం. 2001 సెప్టెంబరు 11న ఆ ఊరి వాళ్లు కళ్లారా చూసిందే ఇదంతా. ఏడేళ్లు కూడా నిండకుండా దాన్ని వినోదం చేశారని అప్పట్లో అక్కడి విమర్శకులు కొందరు బాధపడ్డారు. రేపు ఎవరైనా తిత్లీ రాత్రిని ఇలాగే తీసి, మధ్యలో ఒక రాక్షసిని పెడితే, పలాస తమ్ముడు చూడగలడా?

పలాస జీడి:
నేను చూస్తాను అక్కా. మా అమ్మ చూడదు. గాలి చప్పుడు మొదలవగానే టీవీ కట్టేస్తుంది.

పెళ్లి కెమెరా:
ఆ ఊగే కెమెరాలో మీ అమ్మగారి మంచం కనబడాలి తమ్ముడూ. తలుపుకి అడ్డం పెట్టిన మంచం, ఊడిన గడియ. అది తీయగలిగితే రాక్షసి అక్కర్లేదు.