కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియం లోపలికి వెళ్లి చూడవచ్చా?

మాది విశాఖపట్నం. మా చిన్నాన్న ఉద్యోగరీత్యా కొన్నేళ్లు కోల్‌కతాలో ఉన్నారు. 1997 జులైలో సాల్ట్‌లేక్ స్టేడియంలో చూసిన ఫెడరేషన్ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ గురించి ఇప్పటికీ బీచ్ రోడ్డులో నడుస్తూ చెబుతుంటారు. రెండూ కోల్‌కతా క్లబ్బులే; మోహన్ బగాన్‌పై ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది, ఆ జట్టు ఆటగాడు బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ (మూడు గోల్స్) కొట్టాడు. వచ్చిన జనం 1,30,000 పైమాటే అంటే గొప్పలు పోతున్నారనుకున్నాను. తీరా వెతికితే అక్షరాలా నిజం! క్రికెట్ తప్ప మరొకటి ఎరగని మా ఊరివాడికి అది ఊహకందని లెక్క.

వచ్చే సంక్రాంతి సెలవుల్లో ఆయనను అక్కడికి తీసుకెళ్లాలని ఉంది. 1984లో తెరిచిన ఆ మైదానాన్ని 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం బాగా మార్చారు. కృత్రిమ పచ్చిక తీసేసి అసలు గడ్డి పెంచారు, బెంచీల స్థానంలో విడి కుర్చీలు వేశారు. దాంతో సీట్లు తగ్గాయి. ఆ ఫైనల్లో స్పెయిన్‌పై ఇంగ్లండ్ 5-2తో గెలిచింది. 2011లో మెస్సీ అర్జెంటీనా పూర్తిస్థాయి కెప్టెన్‌గా తొలిసారి ఆడిందీ అక్కడే.

మ్యాచ్ లేని రోజున లోపలికి రానిస్తారా? ఎవరి అనుమతి తీసుకోవాలి? డెర్బీ (ఆ రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్) రోజునే వెళ్తే, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు మెట్లు తక్కువ ఉండే గ్యాలరీ ఏది? స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది కదా, అక్కడి నుంచి గేటు వరకు ఎంత నడవాలి? ఈమధ్య వెళ్లివచ్చినవారు చెబితే టికెట్లు తీసుకుంటాను. చిన్నాన్నకు ఇంకా ఈ సంగతి చెప్పలేదు.