రష్యా–చైనా: హద్దుల్లేని స్నేహమా, ఒకే బేరగాడున్న యార్డా?

లెక్కల మాస్టారు

పొద్దున వాకింగ్‌లో మొదలైన వాదన టీ కొట్టు దగ్గర కూడా తెగలేదు. అందుకని ఇక్కడికి తెచ్చాను. రష్యా, చైనా ఇలా దగ్గరవడం ఇద్దరు సమానుల పొత్తా, లేక రష్యా వెళ్ళి చైనా గుప్పిట్లో పడిందా?

నా మాట ముందే చెప్పేస్తా: పడింది. 2022 ఫిబ్రవరి 4న, బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ మొదలైన రోజే, పుతిన్, షీ జిన్‌పింగ్ కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. మా స్నేహానికి హద్దుల్లేవన్నారు. ఇరవై రోజులు తిరిగేసరికి ఉక్రెయిన్ మీద యుద్ధం. యూరప్ తలుపులు మూసింది, రష్యా సరుకు తూర్పుకు తిరిగింది. 2021లో ఇద్దరి మధ్య వ్యాపారం సుమారు 14,700 కోట్ల డాలర్లు. 2023లో 24,000 కోట్లు, 2024లో 24,500 కోట్ల దగ్గర. పైకి చూస్తే భలే ఉంది. కానీ రష్యా విదేశీ వ్యాపారంలో ఇది మూడో వంతు. చైనా వ్యాపారంలో రష్యా వాటా నూటికి నాలుగు. రేపు ఇద్దరికీ చెడితే ఎవరింట్లో పొయ్యి వెలగదో మీరే చెప్పండి.

పాత గాజువాక

మాస్టారూ, నాది కొంచెం పక్షపాతమే అనుకోండి. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైనవాణ్ణి. విశాలాంధ్ర వ్యాన్‌లో రెండు మూడు రూపాయలకు మాస్కో పుస్తకాలు కొనుక్కుని పెరిగిన తరం.

మీరు సరుకు లెక్క చెప్పారు, గోడ లెక్క మరిచిపోయారు. ఆ రెండు దేశాల మధ్య సరిహద్దు 4,200 కిలోమీటర్లు. 1969 మార్చిలో ఉసూరి నదిలోని దమాన్‌స్కీ అనే చిన్న దీవి కోసం ఒకరినొకరు కాల్చుకున్నారు. ఇద్దరూ కమ్యూనిస్టులే, ఇద్దరి దగ్గరా అణుబాంబులే. ఆ తర్వాత రెండు దశాబ్దాలు రెండు వైపులా లక్షల మంది సైనికులు కాపలా. ఆ ఖర్చు ఎవరు మోశారు? చివరికి 2004లో ఒప్పందం చేసుకుని, 2008లో తరాబరోవ్ దీవినీ, బల్షోయ్ ఉసూరీస్కీ దీవిలో సగాన్నీ రష్యా ఇచ్చేసి గొడవ తెంచుకుంది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక తూర్పున ఉన్న బలగాలను తీసి పడమటికి పంపగలిగిందంటే వెనక నుంచి ఎవరూ రారన్న నమ్మకంతోనే. ఆ నమ్మకం విలువ మీ నూటికి నాలుగులో ఎక్కడ రాశారు?

గుంటూరు టిక్కీ

నాకు రాజకీయాలు పెద్దగా తెలియవు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. మాకు చైనా అంటే తేజా రకం మిర్చి కాయ కొనేవాడు. అంతే.

అక్కడి నుంచి ఆర్డర్లు ఉన్నాయంటే ఎగుమతిదారుల మనుషులు తెల్లారేసరికి టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరుగుతుంటారు. కాయ విరుస్తారు, గింజ చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్ముతారు, ధర చెప్తారు. ఫోన్ రాలేదంటే అదే మనుషులు మా కొట్టు ముందు కూర్చుని టీ తాగుతారు. కాయ మారలేదు, రైతు మారలేదు, కానీ ఆ రోజు ధర వేరు. రైతుకు నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. అద్దె కట్టుకుంటాడు, వడ్డీ కట్టుకుంటాడు, కానీ ఆగగలడు. అదీ కాదంటే సరుకును ఇంకో దేశానికి లారీ ఎక్కించవచ్చు.

రష్యా గ్యాస్‌కు అలా కుదరదు కదా. పైపు ఎక్కడికి వేస్తే అక్కడికే. రష్యా గ్యాస్‌ను చైనాకు తీసుకెళ్ళే ‘పవర్ ఆఫ్ సైబీరియా’ పైప్‌లైన్ గురించి చదివాను. ఏళ్ళ తరబడి బేరం సాగింది, ధర దగ్గర కుదరలేదు. 2014 మార్చిలో క్రిమియాను కలుపుకుని రష్యా ఆంక్షల్లో ఇరుక్కుంది. మే నెలలో షాంఘైలో సంతకం! 30 ఏళ్ళకు 40,000 కోట్ల డాలర్లు, ఏటా 3,800 కోట్ల ఘనపు మీటర్లు. అవతలివాడికి డబ్బు అవసరమయ్యే దాకా ఆగి కొనడం మా యార్డులో పిల్లాడికి కూడా తెలుసు.

అముర్ గట్టు

పై వ్యాఖ్య రాసిన అన్నకు దండం. నేను ఆ పైపు నది దాటే ఊళ్ళోనే మెడిసిన్ చదివాను. బ్లాగొవేష్చెన్స్క్. పేరు పలకడం వచ్చేసరికి మా బ్యాచ్‌కు మొదటి సెమిస్టర్ అయిపోయింది. 2018లో వెళ్ళాను.

మ్యాప్ చూస్తే తెలియదు కానీ అక్కడ చైనా అంటే ఎదురు గట్టు. మధ్యలో అముర్ నది. గట్టు మీద నిలబడితే అవతల హైహే ఊరు, భవనాల నిండా రంగు లైట్లు, పెద్ద జెయింట్ వీల్. మా వైపు మామూలు వీధి దీపాలు. పాతికేళ్ళ కిందట అటువైపు చీకటిగా ఉండేది, మేమే వెలిగేవాళ్ళం అని హాస్టల్ వార్డెన్ ఆవిడ చెప్పేది. ఆవిడకు చైనా అంటే కోపం లేదు. పళ్ళు కట్టించుకోవడానికి హైహేకే వెళ్ళొచ్చింది, చవక అని.

సరుకు మోసేవాళ్ళను అక్కడ ‘కిర్పిచ్’ అంటారు, అంటే ఇటుక. అవతలి నుంచి చైనా బట్టలు, చెప్పులు పెద్ద పెద్ద సంచుల్లో తెచ్చేవాళ్ళు. సరుకు వాళ్ళది కాదు, ఇంకొకరిది. సుంకం లేకుండా ఎంత బరువు తేవచ్చో అంత మోసుకొస్తే కూలి. మాస్టారి కోట్ల డాలర్ల లెక్కకు ముందు ఆ ఊరికి తెలిసిన చైనా వ్యాపారం ఇదే. వేసవిలో పడవ, చలికాలంలో నది గడ్డకడితే మంచు మీద హోవర్‌క్రాఫ్ట్.

ఇంకో సంగతి. అక్కడి వంతెన 2019 చివర్లోనే పూర్తయింది. ఆ వెంటనే కరోనా. చైనా వైపు సరిహద్దు మూసేశారు. కొత్త వంతెన, రంగులు వేసి, ఖాళీగా! చివరికి 2022 జూన్ 10న లారీలకు తెరిచారు. అందరూ యుద్ధం వల్ల కట్టారనుకుంటారు. కాదు, ఆ వంతెన మాట సోవియట్ రోజుల నుంచీ నడుస్తోందని ఊళ్ళోవాళ్ళు చెప్తారు. చైనా తొందరపడింది, మాస్కోయే నాన్చింది. ఎదుటివాడి మీద అనుమానం అంత తేలిగ్గా పోదు. గట్టు మీద స్మారకంగా పెట్టిన పాత గస్తీ పడవ ఇప్పటికీ అటే చూస్తూ ఉంటుంది.

లెక్కల మాస్టారు

అముర్ గట్టు గారూ, ఇలాంటిది పేపర్లో దొరకదు. థాంక్స్. కానీ మీరు చెప్పింది నా వాదనకే బలం కదా? యాభై ఏళ్ళు అనుమానపడి నాన్చినవాడు ఇప్పుడు గేటు బార్లా తీశాడంటే అవసరం తరిమింది.

ఎఫ్‌టీవో పూర్ణాంకం

పైప్‌లైన్ దగ్గర ఒక సవరణ. రెండో పైప్‌లైన్ ‘పవర్ ఆఫ్ సైబీరియా–2’ కూడా ఖాయమైపోయిందని చాలామంది రాస్తున్నారు. 2025 సెప్టెంబర్‌లో అవగాహన ఒప్పందం మీద సంతకాలయ్యాయని, దానికి ఇద్దరూ చట్టప్రకారం కట్టుబడాల్సిందేనని రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ చెప్పింది, నిజమే. మంగోలియా మీదుగా ఏటా 5,000 కోట్ల ఘనపు మీటర్లు. కానీ ఆ రోజు ధర తేలలేదు, తర్వాత మాట్లాడుకుంటామన్నారు. పైగా ఈ గ్యాస్ పశ్చిమ సైబీరియాలోని యమాల్ వైపుది, మొన్నటిదాకా యూరప్‌కు పోయినది. మొదటి పైపులో పోయేది తూర్పు సైబీరియా గ్యాస్, దానికి యూరప్ దారి ఎప్పుడూ లేదు. రెండింటినీ కలిపి మాట్లాడకండి. యూరప్ పోయిన దెబ్బకు గాజ్‌ప్రోమ్ 2023లో 62,900 కోట్ల రూబుళ్ళ నష్టం చూపించింది, ఇరవై ఏళ్ళకు పైగా ఎన్నడూ లేనిది.

గుంటూరు టిక్కీ

సంతకం అయింది, ధర తేలలేదు. మా దగ్గర దాన్ని బేరం అనరు, పలకరింపు అంటారు.

మందుల ఎక్స్‌పోర్టు

అందరూ గ్యాస్ పట్టుకుని కూర్చున్నారు. నేను రష్యాకు మందులు పంపే ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసినవాణ్ణి. అసలు టెన్షన్ పేమెంట్ల దగ్గర. 2022 తర్వాత ఒకసారి మా డబ్బు నెలల పాటు ఒక బ్యాంకులో ఇరుక్కుంది. రోజూ ఫోన్, రోజూ “పై నుంచి క్లియరెన్స్ రావాలి సార్” అనే మాట. జీతాలకు అప్పు తెచ్చాం.

చైనాతో కూడా అంతా సాఫీగా ఏమీ లేదు. 2023 డిసెంబర్‌లో అమెరికా ఒక ఉత్తర్వు ఇచ్చింది, రష్యా యుద్ధ పరిశ్రమకు సాయపడే విదేశీ బ్యాంకుల మీద కూడా ఆంక్షలు పెడతామని. అంతే, హద్దుల్లేని స్నేహితుడి పెద్ద బ్యాంకులే రష్యా చెల్లింపులు వెనక్కి పంపడం మొదలుపెట్టాయి. ఆ బ్యాంకులకు న్యూయార్క్‌తో ఉండే పని ముందు మాస్కోతో ఉండే పని ఎంత?

అయినా చైనా డబ్బు యువాన్ పని చేస్తుంది, మన రూపాయి పని చేయడం లేదు. 2023 మేలో గోవాకు వచ్చినప్పుడు రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ బాహాటంగానే అన్నాడు, మీ బ్యాంకుల్లో మాకు వందల కోట్లు రూపాయల్లో ఉన్నాయి, వాడుకోలేకపోతున్నామని. మనం వాళ్ళ చమురు కొంటాం, వాళ్ళు మన దగ్గర కొనేది తక్కువ. చైనా దగ్గరైతే యువాన్ చేతికి రాగానే కారు కొనొచ్చు, ఫోన్ కొనొచ్చు, లేత్ మిషన్ కొనొచ్చు. ఫ్రెంచ్ కార్ల కంపెనీ రెనో వదిలేసి వెళ్ళిన మాస్కో ఫ్యాక్టరీలో ‘మస్క్‌విచ్’ అని పాత పేరు పెట్టి అమ్మిన కారు లోపలంతా చైనా కంపెనీ జేఏసీదే.

కొత్త సభ్యుడు 07

అంటే ఈ పెళ్ళికి పెళ్ళిపెద్ద వాషింగ్టనా?

పాత గాజువాక

కొత్త సభ్యుడు నవ్వించాడు కానీ తప్పు చెప్పలేదు. ఆంక్షలు పెట్టినవాడే ఇద్దర్నీ ఒక ఇంట్లోకి తోశాడు.

మాస్టారూ, ఒకటి ఒప్పుకుంటాను. 1949 డిసెంబర్‌లో మావో మాస్కో వెళ్ళి రెండు నెలలు కూర్చున్నాడు. స్టాలిన్ ఆయన్ని ఊరి బయట ఒక డాచాలో (విడిది ఇంట్లో) దింపి కాలక్షేపం చేయించాడు. చివరికి 1950 ఫిబ్రవరిలో ఒప్పందం, 30 కోట్ల డాలర్ల అప్పు. అప్పట్లో చైనావాళ్ళు సోవియట్‌ను ‘పెద్దన్న’ అనేవాళ్ళు. 1960లో సోవియట్ నేత కృశ్చేవ్ చైనాలో ఉన్న వెయ్యి మందికి పైగా ఇంజినీర్లను ఒక్కసారిగా వెనక్కి పిలిపించి సగంలో ఉన్న ఫ్యాక్టరీలను గాలికొదిలేశాడు. ఇప్పుడు ధర కోసం ఎదురుచూసేది మాస్కో. వరుస తిరగబడింది, కాదనను.

కానీ గుప్పిట్లో పడిందనే మాట ఎక్కువ. చైనా కార్లు మార్కెట్‌ను ముంచెత్తుతుంటే 2024 అక్టోబర్‌లో కార్ల మీద రీసైక్లింగ్ రుసుమును భారీగా పెంచింది రష్యానే. 2024లో చైనాకు అందరికంటే ఎక్కువ ముడి చమురు అమ్మిందీ రష్యానే, సౌదీని దాటి. తైవాన్ దగ్గర రేపు ఏదన్నా జరిగి సముద్రం మూసుకుంటే చైనాకు నేల మీద నుంచి వచ్చే చమురు, గ్యాస్ ఎక్కడివి? ఆ అవసరం చైనాకూ ఉంది. మీ శాతాల్లో అది కనపడదు.

లెక్కల మాస్టారు

సరే, ‘గుప్పిట్లో’ అనే మాట వెనక్కి తీసుకుంటున్నా. ‘చెయ్యి కింద’ అందాం. కానీ అన్నా, నా అసలు దిగులు మన గురించి. 1971 ఆగస్టులో సోవియట్ మనతో ఒప్పందం చేసుకుందంటే వాళ్ళకూ చైనాకూ పడకపోవడం కూడా ఒక కారణం. వాళ్ళ గొడవ మనకు గొడుగైంది. ఇప్పుడు ఆ గొడుగు?

2020 జూన్ 15న గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు, మరో 19 మంది పోయారు. వారం తిరిగేసరికి రాజ్‌నాథ్ సింగ్ మాస్కోలో ఉన్నారు. సెప్టెంబర్‌లో జైశంకర్, చైనా మంత్రి వాంగ్ యీ కూర్చుని మాట్లాడుకున్నదీ మాస్కోలోనే. అప్పుడు రష్యా ఇద్దరికీ కావలసినవాడు, మధ్యలో కూర్చోగలిగాడు. చైనా దగ్గర ఇంతగా బాకీ పడ్డాక ఇంకోసారి అలా కూర్చోగలడా?

పాత గాజువాక

గల్వాన్ తర్వాత ఏడాదిన్నరకు, 2021 డిసెంబర్‌లో, మనకు రష్యా ఎస్–400 గగనతల రక్షణ క్షిపణులు రావడం మొదలైంది. చైనా వద్దంటుందని రష్యా ఆపలేదు.

లెక్కల మాస్టారు

అవే ఎస్–400లు 2018లోనే చైనాకూ ఇచ్చారు కదన్నా. మనకు రావడం మొదలైందీ 2022కు ముందే. యుద్ధం తర్వాత విడిభాగాల కోసం రష్యావాళ్ళు ఎవరి ఫ్యాక్టరీల వైపు చూస్తున్నారో తెలుసుగా.

అముర్ గట్టు

నా రష్యన్ క్లాస్‌మేట్ ఒకడు ఇప్పుడు అక్కడే డాక్టర్. మొన్న మెసేజ్ పెట్టాడు. 2025 సెప్టెంబర్ నుంచి రష్యన్లకు వీసా అక్కర్లేదని చైనా అంది, డిసెంబర్ నుంచి రష్యా కూడా చైనావాళ్ళకు అలాగే ఇచ్చింది. వాడు శనివారం పొద్దున వెళ్ళి హైహేలో నూడుల్స్ తిని సాయంత్రానికి వచ్చేస్తున్నాడట. చైనా అంటే భయం లేదా అని అడిగితే, “భయపడ్డ రోజుల్లో నూడుల్స్ లేవు” అన్నాడు. వాళ్ళ నాన్నను అడిగితే మాత్రం ఇంకో జవాబు వస్తుందిలే.

గుంటూరు టిక్కీ

మీరంతా పెద్ద పెద్దవి మాట్లాడుతున్నారు. నాకు అర్థమైంది ఒకటే, కొనేవాడు ఇంకొకడు ఉంటేనే ఈవతలివాడు మర్యాదగా మాట్లాడతాడు. చమురుకు మనం ఉన్నాం. అందుకే రష్యా చమురు కొంచెం తల ఎత్తుకుని అమ్ముతోంది. ఆ గ్యాస్‌కు ఎవరున్నారో చూడండి.

నాకు పొద్దున్నే యార్డులో పనుంది, పడుకుంటున్నా. ఆ సైబీరియా–2 ధర తేలిన రోజు ఎవరైనా ఇక్కడ పెట్టండి. ఘనపు మీటర్లు కాకుండా మాకు అర్థమయ్యేలా, క్వింటా లెక్కన.