స్కాట్లండ్‌లో లాక్ టే సరస్సు దగ్గర కేబిన్‌లో వారం రోజులు: ఎక్కడ తినాలి, ఏమేమి చూడాలి?

ప్రశ్న: కొత్తదారి

అందరికీ నమస్కారం. అక్టోబరు మొదటి వారానికి పెర్త్‌షైర్‌లో, కెన్‌మోర్, అబర్‌ఫెల్డీ ఊళ్ల మధ్య అడవి అంచున ఉన్న ఒక చెక్క కేబిన్‌ను అద్దెకు తీసుకున్నాము. నేను, నా భర్త, ఎనిమిదేళ్ల మా అమ్మాయి, డెబ్బై దాటిన మా అత్తమామలు కలిసి వెళుతున్నాము. మా అత్తగారు శాకాహారి, గుడ్డు కూడా తినరు. మామగారికి మోకాళ్ల నొప్పి ఉన్నందువల్ల చదునైన దారి అయితే అరగంట వరకు నడుస్తారు గాని, ఎత్తులు ఎక్కలేరు. కారు ఉంటుంది.

ఇంటర్నెట్‌లో చూస్తే పేర్లు చాలా కనిపిస్తున్నాయి గాని, వాటిలో ఏవి మా వంటి కుటుంబానికి సరిపోతాయో తెలియడం లేదు. రాత్రి భోజనానికి రోజూ బయటికి వెళ్లవచ్చా, లేక కేబిన్‌లోనే వండుకోవడం మంచిదా? పెద్దవారు, చిన్నపిల్ల కలిసి చూడదగిన చోట్లు ఏవి? ఆ ప్రాంతాన్ని బాగా ఎరిగినవారు చెప్పగలరు.

సమాధానం: టే ఒడ్డు

నేను కొన్నేళ్లుగా పెర్త్‌లో ఉంటున్నాను. రాత్రి భోజనం గురించి మీరు అడిగినదానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే తక్కిన ప్రణాళిక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మధ్యాహ్నం బయట తినండి, రాత్రి కేబిన్‌లో వండుకోండి. ఆ ప్రాంతపు పల్లెల్లోని పబ్బులలోను, చిన్న హోటళ్లలోను వంటగదిని రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకే మూసివేయడం సాధారణం. వేసవి దాటిన తరువాత సోమ, మంగళవారాలలో కొన్ని చోట్ల అసలు తెరవరు. తెరిచినా, ముందుగా చెప్పకుండా వెళితే ఐదుగురికి ఒకే బల్ల దొరకడం కష్టం. పైగా అక్టోబరు మొదటి వారంలో సాయంత్రం ఆరున్నర దాటిన కొద్దిసేపటికే సూర్యుడు అస్తమిస్తాడు. భోజనం ముగించుకుని చీకట్లో, సందు వంటి దారిలో, లేళ్లు అడ్డం వచ్చే చోట కారు నడుపుతూ కేబిన్‌కు చేరడం పెద్దవారితో ప్రయాణించేటప్పుడు ఏమంత సుఖంగా ఉండదు.

మధ్యాహ్న భోజనానికి మాత్రం మీ చుట్టూ మంచి చోట్లే ఉన్నాయి. అబర్‌ఫెల్డీలో ‘ది వాటర్‌మిల్’ అని ఒకప్పటి ఓట్స్ మరను పుస్తకాల దుకాణంగా మార్చారు. దానిలోనే కాఫీ హోటలు, చిత్రశాల కూడా ఉన్నాయి. వాన పడే రోజున పిల్లను, పెద్దలను అక్కడ కూర్చోబెట్టి ఒక పూట హాయిగా గడపవచ్చు. పిట్లాక్రీ దగ్గర మూలిన్ అనే పల్లెలో 1695 నాటి పాత సత్రం ఉంది. తక్కువ ఎత్తు కప్పు, పొయ్యి మంట, సొంతంగా కాచిన బీరు, సాంప్రదాయిక స్కాటిష్ వంటలు అక్కడి ఆకర్షణ. డంకెల్డ్‌లో టే నది ఒడ్డునే ఉన్న ‘టేబ్యాంక్’లో వాతావరణం బాగుంటే ఆరుబయట కూర్చుని తినవచ్చు. ఏ9 రహదారి మీద పిట్లాక్రీకి ఉత్తరాన ఉన్న ‘హౌస్ ఆఫ్ బ్రూవర్’ అనే పెద్ద దుకాణ సముదాయం కాస్త ఖరీదైనదే గాని, విశాలమైన పార్కింగు, విశాలమైన భోజనశాల, పక్కనే తినుబండారాల దుకాణం ఉండడం వల్ల కుటుంబాలకు అనుకూలంగా ఉంటుంది. దాని వెనుకనే బ్రూవర్ జలపాతాలకు దారి మొదలవుతుంది; ఆ దారిలో ఎత్తు ఎక్కాలి కాబట్టి మీ మామగారు భోజనశాలలోనే ఉండిపోవచ్చు.

సరుకుల సంగతి: అబర్‌ఫెల్డీలో కో-ఆప్ దుకాణం ఉంది, రోజువారీ కూరగాయలు, పాలు, రొట్టె అక్కడ దొరుకుతాయి. పప్పులు, బియ్యం, మసాలాలు మాత్రం వచ్చేటప్పుడే వెంట తెచ్చుకోండి.

సమాధానం: పైన్ నీడ

తిండి సంగతి పైవారు చక్కగా చెప్పారు. చూడవలసిన చోట్లను మీ మామగారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకునే సూచిస్తాను.

అన్నిటికన్నా ముందు డంకెల్డ్ దగ్గరి హెర్మిటేజ్‌కు వెళ్లండి. స్కాట్లండ్ జాతీయ ట్రస్టు సంరక్షణలో ఉన్న ఈ అడవిలోని డగ్లస్ ఫర్ చెట్లు బ్రిటన్‌లోనే అతి పొడవైన చెట్ల కోవలోకి వస్తాయి. బ్రాన్ నది వెంట దారి చాలావరకు చదునుగా ఉంటుంది, దాని చివర ‘ఒసియన్స్ హాల్’ అనే పద్దెనిమిదో శతాబ్దపు మండపం నుంచి బ్లాక్ లిన్ జలపాతం కనిపిస్తుంది. మీరు వెళ్లేది శరత్తులో కనుక మరొక అదృష్టం కూడా ఉంది: నదిలో నీరు బాగా ఉన్న రోజున, గుడ్లు పెట్టడానికి ఎగువకు ప్రయాణించే సాల్మన్ చేపలు ఆ జలపాతానికి ఎదురెగరడానికి ప్రయత్నిస్తూ ఉంటాయి. ఓపికగా నిలబడితే మీ అమ్మాయికి అది కంటికి పండుగే.

అదే చేపలను పిట్లాక్రీలో వేరొక విధంగా చూడవచ్చు. విద్యుత్తు కోసం టమెల్ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట పక్కన, చేపలు పైకి వెళ్లడానికి 34 చిన్న కొలనులను మెట్లు మెట్లుగా నిర్మించారు. ఆనకట్ట, ఈ చేపల నిచ్చెన రెండూ 1951 నాటికి పూర్తయ్యాయి. పక్కనే ఉన్న సందర్శకుల కేంద్రంలో జలవిద్యుత్తు కథనంతా పిల్లలకు అర్థమయ్యేలా చూపిస్తారు, కాఫీ హోటలులో కూర్చుంటే ఆనకట్ట మొత్తం కనిపిస్తుంది. చేపల రాకపోకలు అక్టోబరుతో తగ్గిపోతాయి కనుక ఈ చోటును వారం చివరికి వాయిదా వేయకండి.

పిట్లాక్రీ నుంచి లాక్ టమెల్ ఒడ్డున ఉన్న ‘క్వీన్స్ వ్యూ’కు వెళితే, కారు దిగిన కొద్ది నిమిషాలలోనే సరస్సు, దాని వెనుక షిహాలియన్ శిఖరం కనిపిస్తాయి. 1,083 మీటర్ల ఈ కొండకు విజ్ఞానశాస్త్ర చరిత్రలో గొప్ప చోటు ఉంది. 1774లో ఖగోళ శాస్త్రవేత్త నెవిల్ మాస్కెలిన్ ఈ కొండకు రెండు వైపులా గుండుదారం వేలాడదీసి, కొండ ఆకర్షణకు దారం ఎంత పక్కకు వాలుతుందో కొలిచాడు. దాని ఆధారంగా భూమి సాంద్రతను అంచనా వేశారు. ఆ లెక్కలు కట్టే క్రమంలోనే గణితవేత్త చార్లెస్ హటన్ సమాన ఎత్తు గల చోట్లను గీతలతో కలిపి చూపాడు. నేటి పటాలలోని కాంటూరు రేఖలకు అది తొలి రూపాలలో ఒకటి.

కెన్‌మోర్‌కు దగ్గరలోనే స్కాటిష్ క్రానోగ్ కేంద్రం ఉంది. క్రానోగ్ అంటే ఇనుప యుగంలో సరస్సు నీటిలో గుంజలు పాతి కట్టుకున్న ఇల్లు. లాక్ టే దక్షిణపు ఒడ్డున ఉన్న నమూనా ఇల్లు 2021 జూన్‌లో అగ్నికి ఆహుతైంది. 2024 ఏప్రిల్‌లో అవతలి ఒడ్డున డాలెర్బ్ అనే చోట, ఇనుప యుగపు పల్లెను తలపించే గుండ్రటి గుడిసెలతో కేంద్రాన్ని మళ్లీ తెరిచారు. నేత, చెక్కపని, నిప్పు రాజేయడం వంటివి చేసి చూపిస్తారు కాబట్టి పిల్లలకు విసుగు పుట్టదు.

అబర్‌ఫెల్డీలోని ‘బిర్క్స్’ లోయ గురించి అందరూ చెబుతారు. అది నిజంగా అందమైనదే గాని, జలపాతం దాకా వెళ్లి చుట్టి రావాలంటే మెట్లు, ఎక్కుళ్లు తప్పవు. మీ ఇద్దరిలో ఒకరు అమ్మాయితో పైదాకా వెళ్లండి, పెద్దవారు కింది భాగంలో వాగు పక్కన కొంత దూరం నడిచి వెనక్కి రావచ్చు.

సమాధానం: దూరపు కొండ

అంత దూరం వెళ్లి స్కై ద్వీపం, గ్లెన్‌కో లోయ చూడకుండా రావడం ఎందుకు? తెల్లవారుజామున బయలుదేరితే ఒక్కో రోజులో ఒక్కొక్కటి చూసి రావచ్చు. స్కాట్లండ్ అంటే అవే కదా.

సమాధానం: టే ఒడ్డు

మన్నించండి, స్కై విషయంలో నేను ఏకీభవించలేను. కెన్‌మోర్ నుంచి స్కైకి కారులో ఒక వైపుకే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. డెబ్బై దాటినవారిని ఒక్క రోజులో ఎనిమిది గంటలు కారులో కూర్చోబెట్టి, పగలు కురచగా ఉండే అక్టోబరులో అక్కడ ఏమి చూపగలం? దానికి వేరే సెలవు పెట్టుకోవాలి. గ్లెన్‌కో అయితే ఆలోచించవచ్చు. లాక్ టే ఉత్తరపు ఒడ్డు వెంట కిలిన్ ఊరి దాకా వెళ్లి, అక్కడ ఊరి మధ్యలోనే బండల మీదుగా దూకే డాకర్ట్ జలపాతాన్ని వంతెన మీద నుంచే చూసి, క్రియన్‌లారిక్, టైండ్రమ్ మీదుగా సాగితే దారి పొడవునా కొండలే. అయినా నా మటుకు నేను కిలిన్‌లోనే భోజనం చేసి వెనుదిరుగుతాను.

స్కైకి వెళ్లకపోతే మిగిలే రోజును గ్లెన్ లయన్ లోయకు ఇవ్వండి. లోయ ముఖద్వారంలో ఫోర్టింగల్ అనే పల్లె ఉంది. అక్కడి చర్చి ఆవరణలోని యూ చెట్టు వయసు రెండు మూడు వేల ఏళ్లని కొందరు, ఇంకా ఎక్కువని మరికొందరు అంటారు. కాండం ఎన్నడో చీలిపోయినందువల్ల కచ్చితంగా చెప్పడం ఎవరి తరమూ కాదు. కారు నుంచి నాలుగు అడుగుల దూరమే కనుక మీ మామగారు కూడా చూడవచ్చు. అక్కడి నుంచి లోయలోకి పోయేకొద్దీ ఫోను సిగ్నలు అందదు, కాబట్టి పటాన్ని ముందే దించుకుని, పెట్రోలు అబర్‌ఫెల్డీలోనే పోయించుకోండి. అక్టోబరు మగ జింకలు జతకట్టే కాలం. సాయంకాలం కారు ఆపి అద్దాలు దించితే కొండవాలుల నుంచి వాటి రంకెలు వినిపిస్తాయి.

సమాధానం: వంటింటి మాట

మీ అత్తగారి భోజనం గురించి కొంత చెప్పాలి. మెనూలో ‘వి’ అక్షరం ఉన్న వంటకాలు శాకాహారమే గాని, వాటిలో గుడ్డు ఉండవచ్చు. గుడ్డు వద్దని విడిగా చెప్పాలి. అక్కడి చట్టం ప్రకారం గుడ్డు, పాలు వంటి 14 అలర్జీ పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో హోటలువారు చెప్పి తీరాలి కనుక, అడగడానికి మొహమాటపడనక్కరలేదు. మాంసం మరిగించిన నీరు (స్టాక్) మాత్రం ఆ పట్టికలోకి రాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. స్కాట్లండ్‌లో పప్పు సూపును సాంప్రదాయికంగా పంది మాంసపు ఎముక వేసి మరిగిస్తారు. పేరు చూసి ఇది మన పప్పే అనుకుంటే పొరపాటు. బంగాళాదుంపలతో చేసే స్టోవీస్‌లోను మాంసమో, కొవ్వో ఉంటుంది. చేపలు, చిప్స్ అమ్మే దుకాణాలలో కొన్ని చోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు, నూనె ఏమిటో కనుక్కోండి. క్రానకన్ అనే మిఠాయిలో మీగడ, రాస్ప్‌బెర్రీలు, ఓట్స్‌తో పాటు విస్కీ కూడా కలుపుతారు.

నిశ్చింతగా తినదగినది, గొర్రె గుండె, కాలేయం వంటివాటితో చేసే స్కాటిష్ వంటకమైన హాగిస్‌కు శాకాహార రూపం. పప్పుధాన్యాలు, ఓట్స్, కూరగాయలు, మిరియాల ఘాటుతో చేసే ఈ వంటకాన్ని మాక్‌స్వీన్ సంస్థ 1984లో తయారుచేసింది. ఇప్పుడు సూపర్‌మార్కెట్లలోను దొరుకుతుంది. కేబిన్‌లో వేడిచేసుకుని బంగాళాదుంపల ముద్దతో తింటే మీ అత్తగారికి నచ్చవచ్చు. నాకైతే మాంసపు హాగిస్ కన్నా ఇదే ఎక్కువ ఇష్టం, స్కాటిష్ మిత్రుల ముందు ఈ మాట అనను గాని.

కొత్తదారి

అందరికీ కృతజ్ఞతలు. స్కై ఆలోచనను విరమించుకున్నాము. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఒకే వరుస దారులలో ఎప్పుడూ కారు నడపలేదు. వాటి పద్ధతి ఏమిటి? అడవిలో, కొండల మీద ఎక్కడైనా నడవవచ్చని విన్నాము, అది నిజమేనా?

సమాధానం: పైన్ నీడ

చాలావరకు నిజమే. 2003 నాటి భూసంస్కరణ చట్టం స్కాట్లండ్‌లోని అత్యధిక భూభాగంలో బాధ్యతాయుతంగా నడిచే హక్కును అందరికీ ఇచ్చింది. ఇళ్ల పెరళ్లు, పంట వేసిన చేలు వంటివి దానిలోకి రావు. మోటారు వాహనాలకూ ఆ హక్కు లేదు. తెరిచిన గేటును మళ్లీ మూసివేయాలి. అక్టోబరులో కొండల మీద జింకల వేట జరుగుతుంది కనుక దారి మొదట్లో ఉన్న నోటీసు చదివి, వారు చెప్పిన దారిలోనే నడవండి. వేసవిలో వేధించే మిడ్జ్ దోమల బెడద అప్పటికి బాగా తగ్గిపోతుంది, కాని గడ్డిలో నడిచివచ్చిన తరువాత పిడుదులు (రక్తం పీల్చే టిక్ పురుగులు) పట్టాయేమో అమ్మాయి కాళ్లు తప్పక చూడండి.

ఒకే వరుస దారిలో అక్కడక్కడ ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డు పెట్టిన వెడల్పు చోట్లు ఉంటాయి. ఎదురుగా కారు వస్తే, ఆ చోటు మీ ఎడమవైపు ఉంటే దానిలోకి మళ్లి ఆగండి; కుడివైపు ఉంటే దానిలోకి వెళ్లకుండా, దానికి ఎదురుగా మీ వైపునే ఆగితే అవతలివారు దాన్ని వాడుకుని దాటిపోతారు. వెనుక స్థానికులు తొందరలో ఉంటే దారి ఇవ్వండి. ఆ చోట్లలో కారు నిలిపి ఫొటోలు తీసుకోవడం మాత్రం ఎవరూ సహించరు. ఇంకొక మాట: స్కాట్లండ్‌లో మద్యం తాగి నడపడంపై పరిమితి ఇంగ్లండ్ కన్నా కఠినమైనది. 2014 డిసెంబరు నుంచి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములే. ఇంగ్లండ్‌లో అది 80. మూలిన్ సత్రంలో బీరు రుచి చూడదలచిన వారు ఆ రోజుకు తాళంచెవులు రెండోవారికి ఇచ్చేయాలి.

సాయంత్రానికి ఒక సూచన. పిట్లాక్రీ పక్కన ఫాస్కలీ అడవిలో శరత్తులో ‘ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్’ పేరుతో చెట్లను దీపాలతో, సంగీతంతో అలంకరిస్తారు. మీరు వెళ్లే వారంలో ఉందేమో చూసి, ఉంటే టిక్కెట్లు ఇప్పుడే కొనండి, ఆఖరి నిమిషంలో దొరకవు. రాత్రి బయటికి వెళ్లడం ఆ ఒక్క రోజుకే పెట్టుకుని, ఆ పూట భోజనం పిట్లాక్రీలో ఐదున్నరకే ముగించండి.