‘బూటబుల్ కాపీ’ని తెలుగులో ఏమందాం?

పోస్టు:
హార్డ్ డిస్కుకు బూటబుల్ కాపీ (అంటే బిగించి ఆన్ చేస్తే కంప్యూటరు దాని నుంచే లేచే కాపీ) ఎలా తీసుకోవాలో మామూలు వాడకందార్లకు అర్థమయ్యేలా నాలుగు పేజీలు రాస్తున్నాను. మొదటి పేజీలోనే బండి ఆగింది. ‘ప్రారంభించగల ప్రతి’ అని రాస్తే ఎవరికైనా ఏమైనా తెలుస్తుందా? ‘ప్రతి’ బదులు ‘నకలు’ అనొచ్చా? క్లోన్, ఇమేజ్ కూడా వస్తాయి, వాటి సంగతీ చెప్పండి. ‘ఇంగ్లిషు మాటలే ఉంచేయండి’ అనే జవాబు నాకు ముందే తెలుసు. అది కాక ఇంకేమైనా ఉంటే సంతోషం.

వ్యాఖ్య:
‘నకలు’ వద్దండీ. దస్తావేజుల దగ్గర బాగానే ఉంటుంది గానీ, దానికి ‘నకిలీ’ అనే దగ్గరి చుట్టం ఉంది. రెండూ అరబీ ‘నక్ల్’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. ‘నకలు డిస్కు’ అంటే సగం మంది డూప్లికేట్ సరుకనుకుంటారు.

వ్యాఖ్య:
నకలు సంగతి పైన చెప్పేశారు. నా పేచీ ‘ప్రారంభించగల’ దగ్గర. ఇంగ్లిషులో ‘ఏబుల్’ కనిపించగానే ‘గల’ తగిలించడం మనకు అలవాటైపోయింది. కానీ ‘తినగల మనిషి’ అంటే తినే శక్తి ఉన్న మనిషి. ‘తినగల పండు’ అంటే? వ్యాకరణం లెక్కన ఆ పండే దేన్నో తింటుంది. అలాగే ‘ప్రారంభించగల ప్రతి’ దేన్ని ప్రారంభిస్తుంది? ‘దగిన’ పెట్టి ‘ప్రారంభించదగిన’ అంటే ముహూర్తం బాగుందన్నట్టు ఉంటుంది. మనకు ఈ గొడవే అక్కర్లేదు. అకర్మక క్రియ తీసుకుని ‘ఏ’ చేరిస్తే చాలు: లేచే, నడిచే, వెలిగే. ‘బూటయ్యే కాపీ’ అనండి. ‘బూటు’ పరాయిదైనా ‘అయ్యే’ మనదే. వాక్యాన్ని మోసేది అదే.

ఇక ‘కాపీ’. నన్నడిగితే మీ నాలుగు పేజీల అసలు చిక్కు ‘బూట్’ దగ్గర లేదు, ఇక్కడే ఉంది.

ఇది నా చేత్తో చేసిన పని కాబట్టి చెబుతున్నాను. పాత డిస్కు కిర్రుమంటుంటే కొత్త ఎస్సెస్డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) తెచ్చి, దాచిన ఫైళ్లు కూడా కనిపించేలా పెట్టుకుని, సీ డ్రైవులో ఉన్నవన్నీ ఎంచుకుని కాపీ, పేస్టు కొట్టాను. వాడుకలో ఉన్నవి రావని కొన్ని మొరాయించాయి, ‘స్కిప్’ నొక్కుతూ పోయాను. ఫొటోలు తెరిచి చూశాను, ఉన్నాయి. ఉత్తరాలున్నాయి. విండోస్ అనే ఫోల్డరు కూడా భేషుగ్గా ఉంది. పాతది తీసి కొత్తది బిగించి ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల లైను: బూట్ డివైస్ దొరకలేదు. అన్నీ ఉన్నాయి, లేపేవాడే లేడు.

అప్పుడు గుర్తొచ్చిన మాట ‘మక్కికి మక్కి’. మనం దీన్ని తిట్టుగానే వాడతాం. పక్కవాడి జవాబు పత్రం మక్కికి మక్కి దించేశాడు అంటాం. దీని వెనక చెప్పుకునే కథ తెలిసిందే. లేఖకుడికి ఒక కాగితం ఇచ్చి, చూసి రాయమన్నారట. అసలు కాగితంలో ఒకచోట ఈగ చచ్చి అంటుకుని ఉంది. ఆ మహానుభావుడు ఇంకో ఈగను పట్టి చంపి, తన కాగితంలో సరిగ్గా అదే చోట అంటించాడు. హిందీలో మక్ఖీ అంటే ఈగ, ‘మక్ఖీ పర్ మక్ఖీ మార్‌నా’ అనే నుడి వాళ్లకూ ఉంది. 

నేను చేసింది తెలివైన లేఖకుడి పని. అక్షరాలన్నీ దించి ఈగను వదిలేశాను. తీరా చూస్తే కంప్యూటరు లేవడానికి కావలసింది ఆ ఈగే. పాత పద్ధతి డిస్కుల్లో అది మొట్టమొదటి సెక్టారు, అంటే డిస్కులోని మొదటి చిన్న ముక్క, మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్ల బుల్లి ప్రోగ్రాం, 64 బైట్ల విభాగాల పట్టిక, చివర 55, ఏఏ అనే రెండు బైట్ల ముద్ర. ఇది ఫైలు కాదు, ఏ ఫోల్డరులోనూ ఉండదు. మరి ఫైళ్లు ఎంచుకుని కాపీ కొట్టేవాడి చేతికి ఎలా వస్తుంది? యూఈఎఫ్ఐ అనే కొత్త బూటు పద్ధతి వచ్చాక లేపే ప్రోగ్రాం ఫైలుగానే ఉంటుంది గానీ, అది ఉండే విభాగం వేరు. ఫ్యాట్ 32 పద్ధతిలో వేసిన చిన్న గది అది, మామూలుగా దానికి డ్రైవు అక్షరం కూడా ఉండదు. నేను సీ డ్రైవంతా మోశాననుకున్నాను, ఆ పక్క గది తలుపే తెరవలేదు.

కాబట్టి మీ పాఠకులకు ముందు చెప్పాల్సింది ఇది: ఫైళ్ల కాపీ వేరు, డిస్కు కాపీ వేరు. రెండోది మక్కికి మక్కి ఉండాలి. ఇక్కడ అది తిట్టు కాదు.

వ్యాఖ్య:
ఈగ కథ భలే అతికిందండీ. తాళపత్రాల చివర లేఖకులు రాసుకునే శ్లోకం కూడా ఇక్కడిదే:

యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా
అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే

పుస్తకంలో ఎలా చూశానో అలాగే రాశాను, తప్పో ఒప్పో నా దోషం లేదు అని. రెండో పంక్తికి పాఠాంతరాలున్నాయి. డిస్కును ఉన్నదున్నట్టు బైటు బైటుగా దించే డీడీ అనే లినక్సు కమాండు పని ముగించాక తెర మీద ఇదే రాయాలి. అది చెరిపేసిన ఫైళ్ల శకలాలూ మోస్తుంది, వైరసూ మోస్తుంది, ఖాళీ జాగాను కూడా ఖాళీగానే మోస్తుంది. 500 జీబీ డిస్కులో వాడింది 40 జీబీయే అయినా మొత్తం చదవాల్సిందే. సెకనుకు 100 ఎంబీ చొప్పున 5,000 సెకన్లు, గంటా ఇరవై నిమిషాల పైమాట. క్లోన్‌జిల్లా లాంటి డిస్కు కాపీ ప్రోగ్రాములు ఫైల్ సిస్టమ్‌ను (డిస్కులో ఫైళ్లు సర్దిన పద్ధతిని) అర్థం చేసుకుని, వాడిన భాగాలే మోస్తాయి, బూటుకు కావలసినవి మాత్రం వదలవు. అంటే ఖాళీ పేజీలు వదిలేసి ఈగను మాత్రం అంటించే లేఖకుడన్నమాట.

పోస్టు పెట్టినవారు:
డీడీ ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ‘సోర్స్’, ‘డెస్టినేషన్’లకు ‘మూలం’, ‘గమ్యం’ అని రాశాను. సరేనా?

వ్యాఖ్య:
మాటలు సరే, కానీ ప్రాణాపాయం ఉన్నచోట నామవాచకాల కంటే విభక్తులను నమ్ముకోండి. ‘పాతదాని నుంచి కొత్తదానికి’. డీడీ కూడా అలాంటిదే. దానికి ‘ఐఎఫ్’ అని చదవాల్సిన డిస్కునూ ‘ఓఎఫ్’ అని రాయాల్సిన డిస్కునూ చెప్పాలి. ఏది ముందు చెప్పినా ఒకటే. ‘రాముడు రావణుణ్ణి’ అన్నా ‘రావణుణ్ణి రాముడు’ అన్నా చచ్చేది రావణుడే కదా, అలాగ. ప్రత్యయం తారుమారైతే మాత్రం రాముడు పోతాడు. ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది, డీడీ ‘నిజమేనా?’ అని ఒక్కసారి కూడా అడగదు.

వ్యాఖ్య:
‘బూట్’ గురించి ఎవరూ ఎత్తలేదేం? పొడుగు బూటు వెనక ఉండే పట్టీని బూట్‌స్ట్రాప్ అంటారు. ఆ పట్టీ పట్టుకుని తనను తానే పైకి లాక్కోవడం అనే అసాధ్యం నుంచి వచ్చిందీ మాట. ప్రోగ్రామును మెమరీలోకి తేవాలంటే ఇంకో ప్రోగ్రాము కావాలి, మరి మొదటిదాన్ని ఎవరు తెస్తారు? మన శాస్త్రకారులకూ ఈ పేచీ తెలుసు. ఎంత సాధన చేసిన ఆటగాడైనా తన భుజం తానే ఎక్కలేడని ఒక న్యాయం ఉంది. అందుకని ‘స్వస్కంధారోహణ ప్రతి’ అని పెట్టమనను లెండి.

వ్యాఖ్య:
నేను ‘ఇమేజ్’, ‘క్లోన్’ తేడా చెప్పి పోతాను. ఇమేజ్ అంటే డిస్కంతా ఒక ఫైలుగా మూటగట్టడం. ‘ప్రతిబింబం’ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అద్దంలో బొమ్మ అంతా మనలాగే ఉంటుంది, లేచి పని మాత్రం చేయదు. ఆ ఫైలును ఇంకో డిస్కు మీద పరిచాకే బూటవుతుంది. క్లోన్ అలా కాదు, అసలుదాని సీట్లో నేరుగా కూర్చుంటుంది. ‘ప్రతినిధి’ అనాలనిపిస్తుంది గానీ ఎన్నికలు గుర్తొస్తాయి.

క్లోన్ అనే మాట గ్రీకులో ‘రెమ్మ’. 1903లో వెబర్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టాడు, విత్తనంతో కాక కొమ్మల నుంచి, దుంపల నుంచి వచ్చే మొక్కల కోసం. అంటే మన అంటు మొక్కే. గింజ నాటితే ఎలాంటి చెట్టొస్తుందో చెప్పలేం, అంటు కడితే అదే చెట్టు. విండోస్ కొత్తగా ఎక్కించుకోవడం గింజ నాటడం, క్లోన్ తీయడం అంటు కట్టడం. ‘డిస్కుకు అంటు కట్టాను’ అని నేను నాలుగేళ్లుగా అంటున్నాను. ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ అలవాటు చేసుకోలేదు.

పైన ‘సీట్లో కూర్చుంటుంది’ అన్నాను, ఒక షరతు ఉంది. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. మక్కికి మక్కి దించితే డిస్కు గుర్తింపు సంఖ్య కూడా దిగిపోతుంది. రెండూ తగిలించి ఆన్ చేస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది. లినక్సులో యూయూఐడీ (డిస్కు విభాగాల గుర్తింపు సంఖ్య) ఒకటే కావడంతో ఏ డిస్కు మీద పని చేస్తున్నామో తెలియకుండా పోవచ్చు.

పోస్టు పెట్టినవారు:
అందరికీ నమస్కారాలు. ‘ప్రారంభించగల ప్రతి’ కొట్టేశాను. ఇప్పుడు ఇలా ఉంది:

“పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు బూటయ్యే క్లోన్ తీసుకోండి. ఫైళ్లు ఎంచుకుని కాపీ చేస్తే అది బూటవదు, మక్కికి మక్కి దిగాలి. కొత్త డిస్కు పాతదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలి. అయ్యాక పాత డిస్కు వైరు పీకి, కొత్తదానితో మాత్రమే ఆన్ చేసి చూడండి.”

వ్యాఖ్య:
బాగుంది. ‘పీకి’ మాత్రం మార్చండి. పీకమంటే నిజంగానే పీకుతారు, అదీ సిస్టమ్ నడుస్తుండగా. ‘సిస్టమ్ ఆపి, పాత డిస్కు వైరు తీసి’.