‘చేర్యాల’ అని రాసుకుంటే సరిపోతుందా? నకాశీల పేరు అక్కర్లేదా?

ఓరుగల్లు బాటసారి:
మొన్న హనుమకొండలో ఒక దుకాణంలో కుర్తాలు చూశాను. ఎర్రటి నేల మీద పెద్ద కళ్ల బొమ్మలు, చీటీ మీద ‘అసలైన చేర్యాల కళ’ అని అచ్చు. లోపలి వైపు తిప్పి చూస్తే బట్ట తెల్లగా ఉంది, యంత్రం మీద అచ్చు కొట్టిందే. బొమ్మ గీసింది ఎవరని అడిగితే, “కంప్యూటర్‌లో దొరుకుతాయి సార్” అన్నాడు కుర్రాడు. బొమ్మ వాడుకున్నారు, పేరూ వాడుకున్నారు. చేర్యాల పటాలు గీసే కళాకారులు నకాశీలు. వాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇది న్యాయమేనా?

బట్టల వ్యాపారి:
నాదీ అలాంటి కొట్టే (అది మాత్రం కాదు లెండి). చేర్యాల ఒక ఊరు. ఊరి పేరుకు ఎవరి అనుమతి కావాలి? హైదరాబాద్ బిర్యానీ అని బోర్డు పెట్టిన వాళ్లందరూ చార్మినార్ దగ్గర పుట్టారా? మా కుర్తా ఆరు వందలు. చేత్తో వేసిన పటం ఆ ధరకు ఇవ్వగలరా? మా వల్ల ఆ పేరు పది మందికీ తెలుస్తోంది.

ఓరుగల్లు బాటసారి:
అన్నా, చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరుకు చట్టం రక్షణ ఉంది. 1999లో చేసిన ఆ చట్టం 2003 నుంచి అమల్లో ఉంది. ఆ వస్తువు మీద ఆ పేరు వేసుకోవాలంటే అధీకృత వాడుకరిగా నమోదు కావాలి. కుర్తాకు అది వర్తిస్తుందా అని వాదించుకోవచ్చు. కానీ ‘అసలైన’ అన్న మాట ఎందుకు? ఖాదీ బట్టకు సుద్దమట్టి, గంజి, ఉడికించిన చింతగింజల పిండి, చెట్టు జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఒకటి ఆరితేనే రెండోది. అప్పటికి ఇంకా ఒక్క గీత కూడా పడదు. ఆ పనికి ‘అసలు’ అన్న మాట చెల్లుతుంది, మీ యంత్రానికి కాదు.

విశ్రాంత పంతులమ్మ:
ఇద్దరూ ఒకరిని మరిచిపోయారు. నకాశీలు ఆ పటాలు గోడకు తగిలించుకోవడానికి గీయలేదు. కథ చెప్పేవాళ్లు గీయించుకునేవారు. కాకి పడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు. మూడడుగుల వెడల్పు, బారలకొద్దీ పొడవు. రాత్రంతా ఒక్కో గడి విప్పుతూ కథ నడిపేవారు. పటం పాతబడి చిరిగితే మనిషికి చేసినట్టే కర్మ చేసి నీటిలో కలిపేవారు. కథ వాళ్లది, బొమ్మ నకాశీలది, పేరు ఊరిది. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. బాటసారి గారూ, మీరు అడిగే న్యాయంలో కథకులకు చోటుందా?

ఓరుగల్లు బాటసారి:
నిజమే అమ్మా, నాకు తట్టలేదు. అయితే వాళ్లను మరిచామని నకాశీలనూ మరిచిపోవడం కుదరదు కదా.

బట్టల వ్యాపారి:
చూశారా, రేపు రంగులు కలిపినవాళ్ల పేరు కూడా వేయమంటారు!

విశ్రాంత పంతులమ్మ:
నాయనా, ఎగతాళి వద్దు. ఆ చట్టం కాపాడేది పేరును, గీసే పద్ధతిని కాదు. కాబట్టి ఆ ఎర్రటి నేల మీద మీకు నచ్చిన బొమ్మ వేసుకోండి, ఎవరూ కాదనరు. కానీ ఒక నకాశీ గీసిన బొమ్మను ఉన్నదున్నట్టు ఎత్తి అచ్చు వేస్తే అది వేరే తగాదా. బొమ్మ ఎవరిదో మీకు తెలుసా?

బట్టల వ్యాపారి:
తెలియదు. నమూనాలు సూరత్ నుంచి వస్తాయి. మా చీటీ రెండంగుళాలే, అందులో ధర, కొలత, ఉతికే పద్ధతి పోను ఒక్క వరుస మిగులుతుంది. ఏం రాయమంటారో చెప్పండి.

ఓరుగల్లు బాటసారి:
‘యంత్రం అచ్చు. నకాశీల చేర్యాల పటం చూసి వేసినది.’ ఒక్క వరుసలో పడుతుంది.

బట్టల వ్యాపారి:
‘యంత్రం అచ్చు’ అని రాస్తే ఆరు వందలకు ఎవరు కొంటారు?

విశ్రాంత పంతులమ్మ:
ఇప్పుడు అసలు సంగతి చెప్పారు.