నాన్నగారి డిశ్చార్జి బుక్‌లో నాలుగు మెడల్స్ ఎక్కలేదు, రికార్డ్స్‌లో సరిచేయించడం ఎలా?

బాపట్ల_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు మద్రాస్ రెజిమెంట్. 1968 సెప్టెంబరులో చేరి 1992 సెప్టెంబరులో హవల్దారుగా పెన్షన్‌కి వచ్చారు. డిశ్చార్జి బుక్ మెడల్స్ పేజీలో పశ్చిమీ స్టార్, జమ్మూ కాశ్మీర్ క్లాస్ప్‌తో (మెడల్ రిబ్బన్ మీద ప్రాంతం పేరుతో ఉండే పట్టీ) సైన్య సేవా మెడల్, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ ఉన్నాయి. లేనివి ఇవి: సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, 20 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్, శ్రీలంకలో చేసినందుకు స్పెషల్ సర్వీస్ మెడల్. వీటిలో సంగ్రామ్ మెడల్ ఇంట్లోనే ఉంది, అంచు మీద నంబరు, పేరు కూడా ఉన్నాయి. మిగతా మూడూ చేతికి రాలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే రికార్డ్స్‌కి (రెజిమెంట్ వాళ్ల సర్వీసు పత్రాలు ఉండే ఆఫీసు) రాయమన్నారు. అర్జీలో ఏం రాయాలి, ఏమేం జతచేయాలి? హిమాలయ ఏరియాలో కూడా చేశారు కాబట్టి రెండో సైన్య సేవా మెడల్ కూడా అడగవచ్చా?

పార్ట్_టూ_ఆర్డర్:
అర్జీ రాసే ముందు ఒక విషయం తేల్చుకోండి. మీరు చెప్పిన నాలుగూ ఒకే రకం లోపాలు కాకపోవచ్చు.

పోస్టింగ్, ప్రమోషన్, సెలవు, పెళ్లి, పిల్లలు, మెడల్, ఏదైనా సరే పార్ట్ టూ ఆర్డర్‌గా (సైనికుడి సర్వీసు వివరాలను అధికారికంగా ప్రకటించే ఆదేశం) ప్రచురితమైతేనే రికార్డు. ఆ ఆర్డర్ ఆధారంగా రికార్డ్ ఆఫీసులో షీట్ రోల్‌లో (ఆ సైనికుడి సర్వీసు మొత్తం రాసి ఉంచే పత్రం) ఎంట్రీ పడుతుంది. పెన్షన్‌కి వచ్చేటప్పుడు షీట్ రోల్ చూసి డిశ్చార్జి బుక్ నింపుతారు. అంటే గొలుసులో మూడు లింకులు. ఎక్కడ తెగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఆర్డర్ వచ్చి, షీట్ రోల్‌లో కూడా ఉండి, బుక్‌లోకి ఎత్తి రాయడం మరచిపోతే అది గుమాస్తా పొరపాటు. తేలిగ్గా సరిచేస్తారు. యూనిట్ అసలు క్లెయిమే పంపకపోతే పార్ట్ టూ ఆర్డరే ఉండదు. అప్పుడు మీరు అడగాల్సింది సవరణ కాదు, అర్హత చూసి మెడల్ మంజూరు చేయమని. ఈ రెండూ కలిపి "మెడల్స్ సరిచేయండి" అని ఒక్క వాక్యంలో రాస్తే, "రికార్డు ప్రకారం ఆయనకు ఉన్నవి ఇవే" అని ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది. ఎక్కువ అర్జీలు ఇక్కడే ఆగిపోతాయి.

మీ నాన్నగారి విషయంలో సంగ్రామ్ మెడల్ మొదటి రకంలా ఉంది. అంచు మీద నంబరు, పేరు చెక్కి వచ్చిందంటే ఎవరో క్లెయిమ్ పంపారు, మంజూరు అయింది. అంచు స్పష్టంగా కనపడేలా నాలుగు వైపులా ఫొటోలు తీయండి. బజార్లో కొన్న మెడల్‌కి, రిబ్బన్‌కి, మినియేచర్‌కి ఆధారంగా విలువ లేదు. అధికారికంగా పేరు చెక్కిన మెడల్‌కి ఉంది.

25వ వార్షికోత్సవ మెడల్, 20 ఏళ్ల మెడల్ తేదీల మీద నడిచేవి. మొదటిదానికి 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉండాలి. సంగ్రామ్ మెడల్‌కి కూడా అంతే, 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 మధ్య జీతం మీద సర్వీసులో ఉంటే చాలు, సరిహద్దులో ఉండాల్సిన పని లేదు. ఆయన 1968లో చేరారు కాబట్టి తేదీల వరకు రెండిటికీ ఇబ్బంది లేదు. 20 ఏళ్లు 1988 సెప్టెంబరులో నిండాయి. అయితే సర్వీసులోంచి కోసేసిన రోజులేమైనా ఉంటే ఆ తేదీ అన్ని రోజులు ఆలస్యమవుతుంది. డిశ్చార్జి బుక్‌లో నాన్ క్వాలిఫయింగ్ సర్వీస్ అన్న చోట ఏముందో చూడండి. 9 ఏళ్లది, 20 ఏళ్లది వేర్వేరు మెడల్స్, ఒకటి వచ్చిందని రెండోది ఆగదు.

శ్రీలంకదే అసలు కష్టం. దానికి ఆయన ఆ ప్రాంతంలో ఉన్నట్టు తేదీలతో చూపించాలి.

నీలగిరి_రికార్డ్స్:
హిమాలయ ప్రశ్నకి జవాబు: రెండో మెడల్ రాదు. సైన్య సేవా మెడల్ ఒక్కసారే ఇస్తారు. ఇంకో ప్రాంతంలో అర్హత ఉంటే దానికి క్లాస్ప్ మాత్రమే అదనం. కాబట్టి అర్జీలో "ఉన్న సైన్య సేవా మెడల్‌కి హిమాలయ క్లాస్ప్" అని రాయాలి. మెడల్ అని రాస్తే "ఇప్పటికే ఇచ్చాం" అని తిప్పి పంపుతారు, వాళ్ల తప్పు లేదు. శ్రీలంకకి కూడా "స్పెషల్ సర్వీస్ మెడల్, శ్రీలంక క్లాస్ప్" అని క్లాస్ప్‌తో సహా రాయాలి.

అర్జీ ఎక్కడికంటే, మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్ నీలగిరి జిల్లా వెల్లింగ్టన్‌లో ఉంది. ఇది చదివే మిగతావాళ్లకి: ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్లు), ఆర్డ్‌నెన్స్ రెండూ సికింద్రాబాద్, మద్రాస్ సాపర్స్‌ది (ఇంజినీర్ల దళం) బెంగళూరు, మెడికల్ కోర్‌ది లక్నో. పాత యూనిట్‌కి రాయడం వల్ల నెలలు పోతాయి. యూనిట్ దగ్గర రిటైరైనవాళ్ల షీట్ రోల్ ఉండదు. ఢిల్లీ హెడ్‌క్వార్టర్స్‌కి రాసినా ఆ కాగితం తిరిగి తిరిగి రికార్డ్స్‌కే చేరుతుంది.

అర్జీ మీ పేరుతో కాదు, నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో వెళ్లాలి. "ఆఫీసర్ ఇన్‌చార్జి, రికార్డ్స్" అని సంబోధించండి. మొదటి పేరాలో ఆర్మీ నంబరు (చివర ఉండే అక్షరంతో సహా, అది లేకపోతే వెతకడం కష్టం), ర్యాంకు, బుక్‌లో ఉన్న స్పెల్లింగుతోనే పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఆర్డర్) నంబరు. ఆ తర్వాత ఒక్కో మెడల్‌కి ఒక్కో పేరా: మెడల్ పేరు, క్లాస్ప్, అప్పుడున్న యూనిట్, కంపెనీ, ప్రదేశం, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, అప్పటి ర్యాంకు, ఏ ఆధారం జతచేశారు. చివరి పేరాలో మూడు విన్నపాలు, ఈ వరసలోనే: షీట్ రోల్ చూసి పార్ట్ టూ ఆర్డర్ ఉన్నవాటిని బుక్‌లో ఎక్కించండి, ఆర్డర్ లేనివాటికి అర్హత పరిశీలించి ఆర్డర్ ప్రచురించండి, అర్హత లేదంటే ఏ షరతు తీరలేదో రాతపూర్వకంగా చెప్పండి. ఆ మూడో వాక్యం వదలకండి, తర్వాత ఏ మెట్టు ఎక్కాలన్నా అదే కావాలి.

జతచేయాల్సినవి డిశ్చార్జి బుక్ అన్ని పేజీల జిరాక్స్ (మెడల్స్ పేజీ ఒక్కటే పంపితే పోస్టింగులు సరిపోల్చలేరు), పీపీవో, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, మెడల్ ఫొటోలు. జిల్లా సైనిక సంక్షేమ అధికారి కవరింగ్ లెటర్‌తో పంపితే మంచిది, డైరీ నంబరు ఉంటుంది, తర్వాత ఆ ఆఫీసు ద్వారానే రిమైండర్ వేయించవచ్చు.

అసలు డిశ్చార్జి బుక్ మొదటి ఉత్తరంతో పంపకండి. ఎంట్రీ వేయడానికి పంపమని వాళ్లు రాసినప్పుడు, మొత్తం స్కాన్ చేసి పెట్టుకుని, స్పీడ్ పోస్ట్‌లో పంపండి. కొన్ని ఇళ్లలో జాగ్రత్త కోసమని పేజీలు లామినేషన్ చేయిస్తారు. దయచేసి చేయించవద్దు, ప్లాస్టిక్ మీద సంతకం, సీలు నిలవవు. పెన్నుతో మీరే ఏదీ దిద్దకండి కూడా. కొట్టివేత ఉన్న బుక్‌ని పెన్షన్ ఆఫీసు నుంచి బ్యాంకు దాకా ప్రతిచోటా అనుమానంగా చూస్తారు.

బాపట్ల_కుర్రాడు:
చాలా ధన్యవాదాలు అండి. నాన్ క్వాలిఫయింగ్ సర్వీస్ 'నిల్' అని ఉంది. శ్రీలంక సంగతి ఇలా ఉంది: ఆయన సొంత బెటాలియన్‌తో వెళ్లలేదు, 1988లో వేరే యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద వెళ్లారు. డిశ్చార్జి బుక్ పోస్టింగుల్లో ఆ యూనిట్ పేరే లేదు.

పార్ట్_టూ_ఆర్డర్:
కారణం దొరికింది. అటాచ్‌మెంట్ అంటే పోస్టింగ్ కాదు. మనిషి అక్కడ ఉన్నా, పోస్టెడ్ స్ట్రెంగ్త్ (యూనిట్ మనుషుల లెక్క) సొంత బెటాలియన్‌దే. మెడల్ క్లెయిమ్ జాబితాలు పోస్టెడ్ స్ట్రెంగ్త్ చూసి తయారైతే అటాచ్‌మెంట్‌లో ఉన్నవాళ్లు రెండు జాబితాల్లోనూ జారిపోతారు. ఆ యూనిట్ "మా మనిషి కాదు" అనుకుంటుంది, ఈ యూనిట్ "అక్కడ లేము" అనుకుంటుంది. మెడల్ పోగొట్టుకున్నవాళ్లలో డ్రైవర్లు, వంటవాళ్లు, సిగ్నల్ డిటాచ్‌మెంట్ల వాళ్లు ఎక్కువగా ఉండేది ఇందుకే.

పోస్టింగుల పేజీలో కనపడకపోయినా జాడలు వేరేచోట ఉంటాయి. అటాచ్‌మెంట్ మీద వెళ్లినట్టు, తిరిగి వచ్చినట్టు పార్ట్ టూ ఆర్డర్లు ఉండవచ్చు. ఆపరేషన్ ఏరియాలో ఉన్నప్పుడు భత్యాలు, రాయితీలు మొదలైన తేదీ, ఆగిన తేదీ కూడా పార్ట్ టూ ఆర్డర్‌తోనే నడుస్తాయి. మెడల్ కోసం వెతికేవాళ్లు వీటి జోలికి పోరు గానీ, ఒక మనిషి ఫలానా తేదీల్లో ఫలానా చోట ఉన్నాడని చెప్పడానికి ఇంతకన్నా గట్టి కాగితం లేదు. అక్కడ ఆసుపత్రిలో చేరి ఉంటే అడ్మిషన్, డిశ్చార్జి ఎంట్రీలు ఉంటాయి. అప్పటి సెలవు సర్టిఫికెట్, మూవ్‌మెంట్ ఆర్డర్, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉన్న ఉత్తరం కవరు ఇంట్లో ఉంటే ఫొటో తీసి జతచేయండి. కవరు ఒక్కటే చాలదు, కానీ తేదీ సరిపోల్చడానికి పనికొస్తుంది. అదే యూనిట్‌లో ఉండి ఆ మెడల్ పొందిన తోటి సైనికుడు ఉంటే, ఆయన నంబరు, ర్యాంకు, ఆయన డిశ్చార్జి బుక్ ఎంట్రీ కాపీతో అఫిడవిట్ ఇప్పించండి. మూల ఆధారం లేకుండా అఫిడవిట్లు మాత్రమే పెడితే నిలబడవు.

సమాచార_హక్కు_నేస్తం:
ముందు షీట్ రోల్ కాపీ తెప్పించుకోండి, ఆ తర్వాతే అర్జీ. చీకట్లో బాణం వేయడం ఎందుకు? సమాచార హక్కు చట్టం కింద ఫీజు 10 రూపాయలు, కాపీలకు పేజీకి 2 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా వేయవచ్చు.

దరఖాస్తు నాన్నగారి పేరుతోనే వేయండి. కొడుకు పేరుతో వేస్తే మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం అని సెక్షన్ 8(1)(జె) కింద తిరస్కరించే అవకాశం ఉంది. "మెడల్ ఎందుకు ఇవ్వలేదు" అని అడగవద్దు. ఆర్టీఐలో ఉన్న కాగితాలు ఇస్తారు, కారణాలు కొత్తగా తయారుచేసి ఇవ్వరు. అడగాల్సినవి: షీట్ రోల్ ధ్రువీకృత కాపీ, మెడల్స్‌కి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు, కాపీలు, 1987 నుంచి 1990 వరకు అటాచ్‌మెంట్, ఏరియా భత్యాల పార్ట్ టూ ఆర్డర్లు. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు.

పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవాళ్ల కుటుంబాలు గమనించాలి: వాళ్ల సర్వీసు పత్రాలు 25 ఏళ్ల తర్వాత నాశనం చేశారని, లాంగ్ రోల్ మాత్రమే మిగిలిందని జవాబు రావచ్చు. లాంగ్ రోల్‌లో చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ వంటి ముఖ్య వివరాలు ఉంటాయి. తేదీల మీద వచ్చే సంగ్రామ్ మెడల్ లాంటివాటికి అది కూడా పనికొస్తుంది. ప్రాంతం మీద వచ్చేవాటికి చాలదు.

కడప_చెల్లెలు:
ఇదే చర్చలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పెదనాన్నగారికి సేనా మెడల్ వచ్చింది. ఆయన పోయారు. పెద్దమ్మ ఫ్యామిలీ పెన్షన్‌లో దాని డబ్బు రావడం లేదు. ఇది కూడా డిశ్చార్జి బుక్ సవరణేనా?

నీలగిరి_రికార్డ్స్:
లేదమ్మా, దారి వేరు. ముందు ఆ సేనా మెడల్ శౌర్యానికా, విశిష్ట సేవకా చూడాలి. నెలనెలా భత్యం శౌర్యానికి ఇచ్చినదానికే. 2017 ఆగస్టు 1 నుంచి రేటు నెలకు 2,000 రూపాయలు. శౌర్య చక్రకి 6,000, వీర చక్రకి 7,000, కీర్తి చక్రకి 9,000, మహావీర చక్రకి 10,000, అశోక చక్రకి 12,000, పరమవీర చక్రకి 20,000. అవార్డు పొందినవారు పోయాక భార్యకి వర్తిస్తుంది. పైన చెప్పుకున్న సంగ్రామ్, లాంగ్ సర్వీస్ లాంటి మెడల్స్‌కి పెన్షన్‌లో ఏమీ కలవదు, అవి గౌరవానికి సంబంధించినవి.

శౌర్య అవార్డుకి తిరుగులేని ఆధారం భారత గెజిట్. రాష్ట్రపతి సచివాలయం నోటిఫికేషన్‌గా పార్ట్ 1, సెక్షన్ 1లో వస్తుంది. ప్రకటన జనవరి 26న, ఆగస్టు 15న ఉన్నా, గెజిట్ అచ్చు తేదీ వెనక ఉండవచ్చు, కాబట్టి తర్వాతి నెలలవి కూడా వెతకండి. ఈ-గెజిట్ సైట్‌లో పాతవి స్కాన్ అయి ఉన్నాయి. ఇక్కడ మన పేర్లతో వచ్చే చిక్కు ఒకటుంది. ఇంటిపేరు ముందా వెనకా, 'వెంకటేశ్వర్లు'లో ఎన్ని అక్షరాలు అన్నది గెజిట్‌లో ఒకలా, బుక్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పేరుతో కాకుండా ఆర్మీ నంబరుతో పోల్చండి, అర్జీలో కూడా "నంబరు ఒకటే" అని రాయండి.

గెజిట్ కాపీ, డిశ్చార్జి బుక్, మరణ ధ్రువపత్రం, పెద్దమ్మగారి పీపీవోతో ఆమె సంతకం మీద రికార్డ్స్‌కి రాయాలి. వాళ్లు ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్‌కి (రక్షణ పెన్షన్ల లెక్కలు చూసే ఆఫీసు) పంపితే పీపీవోలో భత్యం చేరుతుంది, స్పర్శ్‌లో (రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) కనపడుతుంది. అర్హత తేదీ నుంచి బకాయిలు కూడా అడగండి. రికార్డ్స్‌లో ఎక్కింది కదా అని ఆగవద్దు. రికార్డు వేరు, పీపీవో వేరు, ఒకటి మారితే రెండోది దానంతట మారదు. శౌర్య అవార్డుకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నగదు ఉంటుంది, దానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వేరే దరఖాస్తు.

సమాచార_హక్కు_నేస్తం:
బాపట్ల తమ్ముడికి ఇంకొకటి. రికార్డ్స్ నుంచి తిరస్కరణ వచ్చినా, 6 నెలలు గడిచినా ఏ జవాబూ రాకపోయినా సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నై బెంచ్ కిందకి వస్తాయి. తిరస్కరణ ఆర్డర్ తేదీ నుంచి 6 నెలల్లో వేయాలి, ఆలస్యంగా అందితే చూపించడానికి కవరు కూడా తపాలా ముద్రతో సహా దాచండి. అయితే అక్కడ అడగగలిగింది నిబంధన ప్రకారం అర్హత ఉన్న మెడల్‌నే. "మా నాన్నగారి పేరు శౌర్య అవార్డుకి సిఫారసు చేయాల్సింది" అనే వాదనకి ఇన్నేళ్ల తర్వాత ఆదరణ దొరకడం చాలా కష్టం, ఖర్చు పెట్టే ముందు ఆలోచించండి.

బాపట్ల_కుర్రాడు:
అర్థమైంది అండి. ముందు నాన్నగారి పేరుతో ఆర్టీఐ, షీట్ రోల్ వచ్చాక అర్జీ. సంగ్రామ్ మెడల్, 25వ వార్షికోత్సవం, 20 ఏళ్లది ఒక అర్జీగా, శ్రీలంకది వేరే అర్జీగా పంపవచ్చా? అది తేలేదాకా మిగతావి ఆగిపోతాయేమోనని.

పార్ట్_టూ_ఆర్డర్:
తప్పకుండా వేరుగానే పంపండి, ఒకే ఫైల్లో పెడితే కష్టమైనది తేలేవరకు తేలికైనవి కూడా కదలవు. హిమాలయ క్లాస్ప్‌ని శ్రీలంక అర్జీతో కలపండి, రెండూ ప్రాంతం మీద వచ్చేవే. రెండో అర్జీలో మొదటిదాని తేదీ, స్పీడ్ పోస్ట్ నంబరు రాయండి, లేకపోతే ఒకటి చూసి రెండోదానికి "ఇప్పటికే జవాబిచ్చాం" అనేస్తారు. షీట్ రోల్ రాగానే మెడల్స్ భాగంలో ఏముందో ఇక్కడ పెట్టండి, నంబరు, పేరు కనపడకుండా చెరిపేసి.