పాత వాల్టింగ్ హార్స్ మీద పిల్లలకు నేర్పాలా, తుక్కుకు వేయాలా?

పాలమూరు పీఈటీ: మా బడి స్టోర్ రూంలో తోలు హార్స్ ఉంది, జిమ్నాస్టిక్స్‌లో పరుగెత్తుకొచ్చి చేతులు ఆనించి దాటి దూకేది. తుక్కుకు వేయమంటున్నారు, నేను వద్దంటున్నా. పోటీల్లో దాని బదులు వెడల్పాటి వాల్టింగ్ టేబుల్ వచ్చింది 2001లో. సిడ్నీ ఒలింపిక్స్ దాకా అందరూ హార్స్ మీదే దూకారు.

నల్లగొండ నాన్న: తుక్కుకే వేయండి సారూ. హార్స్ వెడల్పు 35 సెంటీమీటర్లు. మగపిల్లలు నిలువునా దూకేవాళ్లు, ఆడపిల్లలు అడ్డంగా. అంటే ఆడపిల్ల చేతులకు దొరికేది ఆ 35 మాత్రమే. టేబుల్ 120 పొడవు, 95 వెడల్పు. 1988లో టోక్యోలో అమెరికా జిమ్నాస్ట్ జూలిస్సా గోమెజ్ తల హార్స్‌కు కొట్టుకుని మెడ విరిగింది. 1991లో చనిపోయింది.

పాలమూరు పీఈటీ: ఆమె కాలు జారింది స్ప్రింగ్‌బోర్డ్ మీద, అంటే దూకేముందు కాలు వేసే పలక మీద. హార్స్ ఏం చేసింది?

కోదాడ కుర్రాడు: సిడ్నీలో 5 సెంటీమీటర్ల గొడవ గుర్తుందా? రష్యా జిమ్నాస్ట్ ఖోర్కినా పడింది.

పాలమూరు పీఈటీ: అది బిగించినవాళ్ల తప్పు. హార్స్ ఎత్తు 125 ఉండాల్సింది 120కి పెట్టారు.

నల్లగొండ నాన్న: 5 సెంటీమీటర్లకే వాళ్లు పడితే, మీ హార్స్ ఎత్తు ఎప్పుడైనా కొలిచారా? కాళ్లు సమంగా ఆనుతాయా?

పాలమూరు పీఈటీ: మా పిల్లలేమైనా యుర్చెంకో లాంటి కష్టమైన వాల్ట్ చేస్తారా? చేతులు ఆనించి అవతలికి దూకడమే. దీపా కర్మాకర్ అగర్తలాలో స్కూటర్ సామానుతో చేసినదాని మీద నేర్చుకుని, 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

వనపర్తి: మ్యాట్లు ఉన్నాయా?

నల్లగొండ నాన్న: ఇగో, దీపా పేరు చెప్పే మా నోరు మూయిస్తారు! మా బిడ్డ ఇలాంటి హార్స్ మీదనుంచే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కింద చిరిగిన పరుపు. దవాఖాన ఖర్చు మాది. ‘ఆటలో దెబ్బలు మామూలే’ అన్నారు ఆ బడివాళ్లు.

పాలమూరు పీఈటీ: నా మీద ఎందుకు అరుస్తారు? 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్ వాల్ట్‌లో కాంస్యం తెచ్చిన అరుణా రెడ్డిది హైదరాబాద్. మా పిల్లల అమ్మానాన్నలు కూలికి పోతారు, అంత దూరం ఎవరు పంపుతారు? హార్స్ పోతే టేబుల్ రాదు. ఆ గదిలో బియ్యం బస్తాలు పెడతారు, జిమ్నాస్టిక్స్ అక్కడితో బంద్.

కోదాడ కుర్రాడు: అయినా సిడ్నీలో ఆ 5 సెంటీమీటర్లు ఎవరూ చూడలేదా?

వనపర్తి: ఆస్ట్రేలియా జిమ్నాస్ట్ అలానా స్లేటర్ చూసి చెప్పింది. మ్యాట్ల సంగతి అడిగాను.

నల్లగొండ నాన్న: ఆటలు బంద్ చేయమని నేనెక్కడన్నాను? పడితే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసివ్వమంటున్నా.

పాలమూరు పీఈటీ: రాస్తే సంతకం ఎవరు పెడతారు? మ్యాట్లకు పోయిన ఏడాదే రాసి పంపా, జవాబు లేదు.

నల్లగొండ నాన్న: అయితే అవి వచ్చేదాకా దూకించకండి.

పాలమూరు పీఈటీ: పిల్లలు రోజూ వచ్చి అడుగుతున్నారు. మీరొచ్చి చెప్పండి వాళ్లకు.